తీగ లాగితే కొరియా పాటల డొంకంతా

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరో అడిగారని కొరియన్ పాటల గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఇంటర్ పిల్లల నుంచి రిటైరైన మాస్టార్ల దాకా అందరూ రాశారు. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: అక్కా, రెండేళ్లుగా బీటీఎస్, స్ట్రే కిడ్స్ అనే కొరియన్ బృందాల పాటలు తప్ప ఇంకేమీ వినలేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి పాతవాళ్లనీ వినాలని ఉంది. నెట్‌లో "కొరియా అత్యుత్తమ వంద ఆల్బమ్‌లు" అనే లిస్టు పట్టుకుని మొదలుపెట్టాను, నాలుగోదానికే విసుగొచ్చి ఆపేశాను. నాకు ఓపిక లేదా, లేక పద్ధతి తప్పా? (ఇంజినీరింగ్ విద్యార్థిని)

పద్ధతే తప్పమ్మా. లిస్టు పట్టుకుని పాటలు వినడం నిఘంటువు ముందేసుకుని భాష నేర్చుకోవడం లాంటిది. అందులో అన్నీ ఉంటాయి, ఒకదానికి ఇంకోదానికి చుట్టరికం మాత్రం కనిపించదు. నువ్వు ఇష్టపడే పాటనే పట్టుకో, దాని వెనక ఎవరున్నారో చూడు, ఆ వెనకున్నవాళ్ల వెనక ఎవరున్నారో చూడు. కొరియాలో ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ కొత్తవాళ్లు పాతవాళ్ల పాటల్ని మళ్లీ పాడడం మామూలు విషయం, దాన్ని గౌరవంగా చూస్తారు.

నీ బీటీఎస్‌తోనే చూద్దాం. 2017లో వాళ్లు 'కమ్ బ్యాక్ హోమ్' అనే పాటను మళ్లీ చేశారు. అది 1995లో సొ టేజీ అండ్ బాయ్స్ పాడిన పాట, ఇల్లు వదిలి వెళ్లిపోయిన పిల్లల గురించి. ఈ సొ టేజీ 1992లో టీవీలో మొదటిసారి కనిపించినప్పుడు జడ్జీలు పెదవి విరిచి తక్కువ మార్కులు వేశారు, కొన్ని వారాలు తిరిగేసరికి దేశంలో కుర్రాళ్లంతా ఆ పాటే పాడుతున్నారు. ర్యాప్, డాన్స్, రాక్ గిటార్ అన్నీ కలిపి కొరియన్ భాషలోనే పాడొచ్చని చూపించింది వాళ్లే. ఆ బృందంలోని యాంగ్ హ్యున్‌సుక్ తర్వాత వైజీ అనే పాటల కంపెనీ పెట్టాడు. బిగ్‌బ్యాంగ్, బ్లాక్‌పింక్ బృందాలు వచ్చింది అక్కడి నుంచే.

ఇంకో మెట్టు దిగు. సొ టేజీ అంతకుముందు 'సినవే' అనే హెవీ మెటల్ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. ఆ బ్యాండు పెట్టినతను షిన్ దేచోల్. అతని తండ్రి షిన్ జుంగ్‌హ్యున్, కొరియన్ రాక్‌కు పితామహుడని అందరూ ఒప్పుకునే మనిషి. కొరియా యుద్ధం తర్వాత అమెరికన్ సైనిక స్థావరాల క్లబ్బుల్లో గిటార్ వాయించి పొట్టపోసుకున్నాడు. 1960ల మొదట్లో సొంత బ్యాండు పెట్టాడు. 1974లో 'మీఇన్' (అందగత్తె అని అర్థం) అనే పాటతో దేశాన్ని ఊపేశాడు. ఆ పాట మొదట్లో గిటార్ ముక్క విను, ఒక్కసారి విన్నావంటే రోజంతా నాలుక మీద ఆడుతుంది. అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్‌హీని పొగుడుతూ పాట కట్టమని పైనుంచి అడిగితే కట్టనన్నాడు. దానికి బదులు తన దేశపు కొండల్ని, నదుల్ని పొగుడుతూ ఒక పొడవాటి పాట కట్టాడు. 1975లో గంజాయి కేసులో అరెస్టు చేసి హింసించారు, పాటలు నిషేధించారు, 1979లో పార్క్ హత్య జరిగేదాకా వేదిక ఎక్కనివ్వలేదు. 2009లో ఫెండర్ గిటార్ కంపెనీ ఆయన పేరు మీద ప్రత్యేకంగా ఒక గిటార్ తయారుచేసి ఇచ్చింది.

చూశావా, బీటీఎస్ దగ్గర బయల్దేరి నాలుగంటే నాలుగు అడుగుల్లో 1950ల దాకా వచ్చేశాం. విసుగు పుట్టిందా?

ప్రశ్న: నాకు యాభై దాటాయండీ. మా కోడలు 'రిప్లై 1988' డ్రామా చూపించింది. కథ సంగతలా ఉంచండి, అందులో పాటలు వస్తుంటే ఎందుకో కళ్లు చెమర్చేవి. అవి పాత పాటలా, పాతవాటిలా కొత్తగా కట్టారా? (గృహిణి)

రెండూనండీ. అసలు పాటలు పాతవే, డ్రామా కోసం ఇప్పటి గాయకుల చేత మళ్లీ పాడించారు. మీరు చెప్పిన కళ్లు చెమర్చే పాట బహుశా ఈ రెండింట్లో ఒకటై ఉంటుంది. 'బాధపడకు' అని ఊరడించే పాట అయితే అది జొన్ ఇన్‌గ్వోన్ 2004లో పాడింది, డ్రామాలో లీ జోక్ పాడాడు. జొన్ ఇన్‌గ్వోన్‌ది గరుకు గొంతు, 1985లో 'దుల్‌గుఖ్వా' (అడవి చామంతి) అనే బ్యాండుతో వచ్చాడు. కొరియాలో గొప్ప ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ పైవరసలోనే ఉంటుంది. రెండోది యవ్వనం వెళ్లిపోతోందని చెప్పే పాట, 'చోంగ్‌చూన్'. అది 1981లో 'సానుల్లిమ్' అనే బ్యాండు చేసింది. డ్రామాలో కిమ్ పిల్ అనే కుర్రాడు పాడుతుంటే పక్కనే ఒక పెద్దాయన గొంతు కూడా వినిపిస్తుంది కదా, ఆయనే ఆ పాట అసలు రాసి పాడిన కిమ్ చాంగ్‌వాన్.

ఆయన్ని మీరు ఇప్పటికే చూసి ఉంటారు! డ్రామాలు చూసేవారైతే 'మై లవ్ ఫ్రమ్ ది స్టార్'లో హీరో రహస్యం తెలిసిన ముసలి లాయరు గుర్తున్నాడా? 'ఇట్స్ ఓకే టు నాట్ బి ఓకే'లో ఆస్పత్రి డైరెక్టరు? రెండూ ఆయనే. చాలామంది ఆయన్ని నటుడనే అనుకుంటారు. నిజానికి 1977లో ఇద్దరు తమ్ముళ్లతో కలిసి సానుల్లిమ్ పెట్టిన మనిషి. ఆ పేరుకు కొండల్లో వినపడే ప్రతిధ్వని అని అర్థం.

1978లో వాళ్లు చేసిన 'నా మనసులో పట్టు పరిచి' అనే పాట ఒకసారి వినండి, కానీ తొందరపడొద్దు. ముందు బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది, నడుస్తూనే ఉంటుంది. దాని మీద నెమ్మదిగా గిటార్ పొరలు పొరలుగా వచ్చి పడుతుంది. గాయకుడు నోరు తెరవడానికి మూడు నిమిషాల పైనే పడుతుంది. తీరా ఆ గొంతు వచ్చాక గొప్ప సంగీత విద్వాంసుడి గొంతులా ఉండదు, పక్కింటి అబ్బాయి మన గుమ్మంలో నిలబడి సిగ్గుపడుతూ ఏదో చెబుతున్నట్టుంటుంది. ఆ మూడు నిమిషాల ఎదురుచూపు లేకపోతే ఆ సిగ్గుకు అంత అందం వచ్చేది కాదు. ఆ రోజుల్లో రేడియోకి పనికిరానంత పొడుగు పాట అది, అయినా ఆల్బమ్‌లో పెట్టారు. 2008 మొదట్లో చిన్న తమ్ముడు, డ్రమ్స్ వాయించే చాంగిక్, కెనడాలో ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత కిమ్ చాంగ్‌వాన్ సానుల్లిమ్ పేరు వాడడం మానేసి వేరే బ్యాండు పెట్టుకున్నాడు. తమ్ముడు లేకుండా ఆ పేరు అక్కర్లేదనుకున్న ఆ మనిషంటే నాకు చాలా గౌరవం.

మీ కోడలికి ఐయూ అనే గాయని తెలిసే ఉంటుంది. 2014లో ఐయూ పాత పాటలన్నీ ఏరుకుని 'పువ్వు గుర్తు' అనే ఆల్బమ్ చేసింది. పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్న ఎండుపువ్వు అన్నమాట. అందులో సానుల్లిమ్ 1984 నాటి పాట 'నీ అర్థం' ఉంది, పక్కన మళ్లీ ఆ పెద్దాయన గొంతే. అత్తాకోడళ్లు కలిసి వినండి.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నాను. కొరియన్ పాటంటే కంపెనీలు పిల్లల్ని ఏళ్ల తరబడి తర్ఫీదిచ్చి తయారుచేసే ఫ్యాక్టరీ సరుకే కదా? అందులో మనసు ఎక్కడుంది? (ప్రైవేటు ఉద్యోగి)

తర్ఫీదు మాట నిజం. 1996లో ఎస్‌ఎం కంపెనీ 'హెచ్‌ఓటీ' బృందాన్ని తెచ్చినప్పటి నుంచి అదే పద్ధతి: పిల్లల్ని ఎంచుకోవడం, పాట, ఆట, భాషలు నేర్పించడం, ఆ తర్వాతే జనం ముందుకు తేవడం. దానివల్ల పిల్లలు పడే కష్టం చిన్నది కాదు, దాన్ని నేను వెనకేసుకురాను. అయితే ఫ్యాక్టరీ అనగానే మనసు ఉండదన్న మాట దగ్గరే మీతో విభేదిస్తాను, దానికి ఒక కుర్రాడి కథ చెబుతాను.

యూ జేహా అని ఒకతను. కాలేజీలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రచన చదువుకున్నాడు. 1987లో ఒక్క ఆల్బమ్ చేశాడు. పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, ఏ వాద్యం ఎక్కడ పలకాలో కూడా తనే రాసుకున్నాడు. పాప్ పాటలో పియానో, వయొలిన్లు అంత మెత్తగా ఒదిగిపోవడం అప్పటికి కొత్త. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, నవంబర్ 1న, కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై అయిదేళ్లు. ఆ ఒక్క ఆల్బమ్ నుంచే కొరియన్ బాలడ్ అనే నెమ్మదైన ప్రేమపాట ఇప్పటి రూపం తెచ్చుకుంది. 1989 నుంచి ఆయన పేరు మీద కొత్త స్వరకర్తలకు పోటీ పెడుతున్నారు. 1990లలో ఆ పోటీలో బహుమతి గెలుచుకున్న ఒక విద్యార్థి పేరు బాంగ్ షిహ్యుక్. బీటీఎస్‌ను తయారుచేసింది అతనే. మీరు ఫ్యాక్టరీ అంటున్న చోట యజమాని కుర్చీలో ఉన్నది యూ జేహా పేరు మీద పాట కట్టి పైకొచ్చిన మనిషి.

ఇక కంపెనీల ఛాయ లేని పాట కావాలంటే సియోల్‌లో హోంగ్‌దే అనే విద్యార్థుల పేట ఉంది, అక్కడికి వెళ్లండి. 1990ల మధ్యలో అక్కడి క్లబ్బుల్లో 'క్రయింగ్ నట్' లాంటి పంక్ బ్యాండులు పుట్టాయి, తర్వాత ఎన్నో వచ్చాయి. హ్యుకో, జన్నాబీ, సే సో నియోన్ వినండి. జన్నాబీ పాట మొదటిసారి విన్నప్పుడు 1970లదేమో అనుకున్నాను, అది 2019లో వచ్చింది.

ప్రశ్న: ఫస్ట్ జెన్, ఫోర్త్ జెన్ అంటుంటారు. ఏమిటవి? (ఇంటర్ విద్యార్థి)

ఐడల్ బృందాలకు (కంపెనీలు తర్ఫీదిచ్చి తెచ్చే పాటా-ఆటా బృందాలకు) అభిమానులు పెట్టుకున్న తరాల లెక్క అది, గీత గీసినట్టు ఉండదు. హెచ్‌ఓటీ, ఎస్‌ఈఎస్, శిన్హ్వా మొదటి తరం. టీవీఎక్స్‌క్యూ, బిగ్‌బ్యాంగ్, గర్ల్స్ జనరేషన్, వండర్ గర్ల్స్ రెండో తరం. ఎక్సో, బీటీఎస్, ట్వైస్, బ్లాక్‌పింక్ మూడు. స్ట్రే కిడ్స్, ఎస్పా వాళ్లది నాలుగు. ఆ తర్వాత వచ్చినవాళ్లని అయిదో తరం అంటున్నారు. ఈ లెక్కలో 1996కు ముందున్న అరవై ఏళ్ల పాట అసలు లేదు, అది మాత్రం గుర్తుంచుకో తమ్ముడూ.

ప్రశ్న: మా అమ్మకు డెబ్భై ఎనిమిది. పిల్లలు పెట్టే కొరియా పాటలు వింటే తలనొప్పి అంటుంది. ఆవిడకు నచ్చేవి ఉంటాయా? (బ్యాంకు ఉద్యోగిని)

ట్రాట్ పెట్టండి. ఫాక్స్‌ట్రాట్ అనే నాట్యం పేరు లోంచి వచ్చింది ఆ మాట. జపాన్ పాలనలో ఉన్న రోజుల్లో పుట్టిన పాట, లయ సాదాగా రెండు దెబ్బలతో నడుస్తుంది. అసలు సొగసంతా గొంతులో ఉంటుంది. స్వరాన్ని తిన్నగా పట్టుకుని ఉండి, చివర్లో చటుక్కున ఒక విరుపు విరుస్తారు. ఆ విద్యకు వాళ్ల భాషలో పేరే 'విరవడం'. మన గమకం అలవాటైన చెవులు దాన్ని ఇట్టే పట్టేస్తాయి. మీ అమ్మగారు భాష తెలియకపోయినా ఆ విరుపు దగ్గర తల ఊపుతారు, చూడండి.

1935లో లీ నాన్‌యంగ్ పాడిన 'మోక్‌పో కన్నీళ్లు'తో మొదలుపెట్టండి. మోక్‌పో రేవులో విడిపోయిన ఇద్దరి గురించి పైకి. అందులో ఒక చరణంలో 'మూడు వందల ఏళ్ల పగ' అనే మాట ఉంది. జపాన్ దండయాత్రను ఎదుర్కొన్న పాత రోజుల్ని గుర్తుచేసే మాట అది, పైవాళ్లు ఊరుకోరు కదా. అందుకని అచ్చులో అలాగే వినిపించే వేరే అక్షరాలు వేశారు. కాగితం మీద అర్థం లేని ముక్క, నోట్లో మాత్రం పగే. జనానికి అర్థమైంది.

తర్వాత లీ మిజా. 1964లో ఆమె పాడిన 'కమీలియా పిల్ల' విపరీతంగా ఆడింది. కొద్దికాలానికే జపాన్ వాసన ఉందని ప్రభుత్వం నిషేధించింది, 1987 దాకా ఎత్తలేదు. ఇరవై ఏళ్లకు పైగా జనం ఆ పాటను ఇంట్లో పాడుకున్నారు.

ట్రాట్ పాతబడిపోయిందని అందరూ అనుకున్నాక 2020లో 'మిస్టర్ ట్రాట్' అనే టీవీ పోటీ వచ్చింది, ఫైనల్ రేటింగ్ 35 శాతం దాటింది. గెలిచిన లిమ్ యంగ్‌వూంగ్‌కు ఇప్పుడు ఐడల్ బృందాలతో సమానంగా అభిమానులున్నారు, వాళ్లలో ఎక్కువమంది అమ్మలు, అమ్మమ్మలు. ఆకాశనీలం బట్టలేసుకుని, చేతిలో లైట్‌స్టిక్ (అభిమానులు ఊపే దీపపు కర్ర) పట్టుకుని వస్తారు. 2024లో సియోల్ వరల్డ్ కప్ స్టేడియంలో కచేరీ పెట్టినప్పుడు, ఫుట్‌బాల్ ఆడే పచ్చిక పాడవకూడదని మైదానంలో కుర్చీలే వేయించలేదు. ఆ కుర్చీలకు అమ్ముడయ్యే టికెట్లన్నీ వదులుకున్నాడన్నమాట.

ప్రశ్న: కొరియన్ ఒక్క ముక్క రాదు. అర్థం తెలియకుండా పాడుకుంటుంటే ఫ్రెండ్స్ నవ్వుతారు. ముందు భాష నేర్చుకోవాలా? (డిగ్రీ విద్యార్థిని)

నవ్వేవాళ్లకు కిమ్ సిస్టర్స్ కథ చెప్పు. పైన చెప్పిన లీ నాన్‌యంగ్ భర్త స్వరకర్త, యుద్ధంలో ఉత్తర కొరియావాళ్లు పట్టుకుపోయారు. పిల్లల్ని పోషించాలి. ఆవిడ ఇద్దరు కూతుళ్లకీ, అన్న కూతురికీ అమెరికన్ పాటలు నేర్పించి సైనికుల ముందు పాడించింది. వాళ్లకు ఇంగ్లిష్ రాదు. శబ్దాన్ని శబ్దంలా బట్టీపట్టారు, పాట సరిగ్గా అప్పజెబితే అరటిపండు ఇచ్చేదట అమ్మ. యుద్ధం తర్వాత రోజుల్లో అరటిపండంటే ఆ పిల్లలకు మాటలా! 1959లో ఆ ముగ్గురూ లాస్ వేగాస్ వెళ్లారు. అమెరికాలో అందరూ చూసే ఎడ్ సలివన్ షోలో ఇరవై సార్లకు పైగా పాడారు, పదికి పైగా వాద్యాలు మార్చి మార్చి వాయించేవాళ్లు. బ్లాక్‌పింక్‌కు అరవై ఏళ్ల ముందే అమెరికాలో పేరు తెచ్చుకున్న కొరియన్ అమ్మాయిల బృందం అది. మాటలకు అర్థం తెలియకుండానే మొదలుపెట్టారు.

కాబట్టి ముందు పాడు. అర్థం తర్వాత చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా, ఎందుకంటే కొన్ని పాటలు అర్థం తెలిశాక వేరే పాటలైపోతాయి. కిమ్ గ్వాంగ్‌సొక్ 'సిపాయి ఉత్తరం' అలాంటిది. బాణీ మామూలుగా ఉంటుంది. సైన్యంలో తప్పనిసరిగా చేరాల్సిన కుర్రాడు ఇంటి గుమ్మంలో తల్లిదండ్రులకు దండం పెట్టి బయటికొస్తున్నాడని తెలిశాక ఆ గిటార్ వినడం కష్టమవుతుంది. ఆ గాయకుడు చిన్న థియేటర్లలో వెయ్యి కచేరీలు చేసి, ముప్పై రెండు నిండకుండానే 1996 జనవరిలో చనిపోయాడు. పుట్టిన ఊరు దేగులో ఆయన పేరుతో ఒక వీధే ఉంది.

ప్రశ్న: కొరియన్ ర్యాప్‌లో ఎవరిని వినాలి? (ఐటీ ఉద్యోగి)

1999లో వచ్చిన డ్రంకెన్ టైగర్, 2003లో వచ్చిన ఎపిక్ హై. మాటల పట్టున్న ర్యాప్ కావాలంటే ఎపిక్ హై ముందు. 2012 నుంచి 'షో మీ ది మనీ' అనే పోటీ ర్యాప్‌ను ఇంటింటికీ తెచ్చింది, దాని వల్ల కొంత అరుపు కూడా పెరిగిందనిపిస్తుంది నాకు. బీటీఎస్‌లోని షూగా 2020లో చేసిన 'దేచ్విత' వదలొద్దు. రాజుల ఊరేగింపుల్లో మోగే పాత సైనిక వాద్యాల మీద ర్యాప్ చెప్పాడు.

ప్రశ్న: వాళ్లకు మన హరికథ, బుర్రకథ లాంటిది ఉందా? ఉంటే ఇప్పటి పాటల్లో ఎక్కడైనా వినిపిస్తుందా? (రిటైర్డ్ తెలుగు మాస్టారు)

ఉంది మాస్టారూ. పాన్సోరి అంటారు. ఒక్కరే నిలబడి, చేతిలో విసనకర్ర పట్టుకుని, కాసేపు పాడి, కాసేపు మాటల్లో చెప్పి గంటల తరబడి కథ నడిపిస్తారు. పక్కన డోలు వాయించే ఒక్కరు. మన వంతపాటలాగే ఆయన మధ్యమధ్యలో "ఓల్సూ!" అని ఊతమిస్తాడు, వినేవాళ్లు కూడా అనొచ్చు. 2003లో యునెస్కో గుర్తించింది. బీటీఎస్ 2018 పాట 'ఐడల్'లో "ఓల్సూ" అని వినిపిస్తుందే, అది ఇక్కడిదే.

పాన్సోరి కథల్లో ఒకటి మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సముద్రరాజుకు జబ్బు చేస్తుంది, కుందేలు కాలేయం తింటే తగ్గుతుందంటారు, తాబేలు గట్టు మీదికి వెళ్లి కుందేలును మాయమాటలతో తీసుకొస్తుంది, కుందేలు కాలేయం ఇంటి దగ్గర మర్చిపోయానని తప్పించుకుంటుంది. మన కోతి-మొసలి కథే! బౌద్ధ జాతక కథలతో పాటు అక్కడికి చేరిందని చెబుతారు.

ఈ కథలో తాబేలు గట్టెక్కి దూరంగా ఉన్న కుందేలును "కుందేలుగారూ" అని పిలవబోతుంది. కొరియన్‌లో కుందేలుకు 'తో', పులికి 'హో'. నీళ్లలో గడ్డంతో నెట్టుకుంటూ అంతదూరం వచ్చిందేమో, దవడ బిగుసుకుపోయి 'తో' అనబోయి 'హో' అనేస్తుంది. తనను ఇంత మర్యాదగా పిలిచిందెవరా అని అడవిలోంచి పులి దిగి వస్తుంది. ఆ పులి దిగే ఘట్టాన్ని తీసుకుని 'లీనల్చి' అనే బృందం 2020లో ఒక పాట చేసింది. గిటార్ లేదు, రెండు బేస్ గిటార్లు, డ్రమ్స్, పాన్సోరి నేర్చిన గాయకులు. పంతొమ్మిదో శతాబ్దపు ఒక పాన్సోరి గాయకుడి పేరే బృందానికి పెట్టుకున్నారు. దాన్ని కొరియా పర్యాటక సంస్థ ప్రచార వీడియోలో వాడాక ప్రపంచమంతా చూసింది. పులి నడక వర్ణించే చోట పదాలు ఒకదాని మీద ఒకటి తోసుకొస్తాయి. దండకం చదువుతున్నట్టే ఉంటుంది, మీకు తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న: 2024 డిసెంబరులో సియోల్ ధర్నాల వీడియోల్లో జనం లైట్‌స్టిక్స్ ఊపుతూ ఐడల్ పాట పాడుతున్నారు. ధర్నాలో డాన్స్ పాటేమిటి? (పోటీ పరీక్షల అభ్యర్థి)

ఆ పాట గర్ల్స్ జనరేషన్ 2007లో వచ్చిన మొదటి పాట, 'ఇంటూ ది న్యూ వరల్డ్'. ధర్నాలోకి అది 2024లో రాలేదు. 2016 వేసవిలో ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో విద్యార్థినులు నిరసనకు కూర్చుంటే పోలీసులు వచ్చారు. ఆ అమ్మాయిలు చేతులు పట్టుకుని నిలబడి, చిన్నప్పుడు టీవీ ముందు నేర్చుకున్న ఈ పాటే ఎత్తుకున్నారు. వాళ్లందరికీ కంఠతా వచ్చిన పాట అది. గొంతు వణుకుతూనే ఉంటుంది ఆ వీడియోలో, పాట మాత్రం ఆగదు. అప్పటి నుంచి ఆ పాట వేరే పాటైపోయింది. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు సైనిక పాలన ప్రకటించాక, పార్లమెంటు ముందు చేరిన జనంలో ఎవరి బృందం లైట్‌స్టిక్ వాళ్లు పట్టుకొచ్చారు. చీకట్లో కొవ్వొత్తికంటే బాగా వెలుగుతుంది, గాలికి ఆరదు.

వాళ్ల అమ్మానాన్నలకూ ఇలాంటి పాట ఒకటుంది. పేరు 'ఉదయపు మంచు'. కిమ్ మింగీ అనే చిత్రకళా విద్యార్థి 1970లో రాశాడు, 1971లో యాంగ్ హీఉన్ పాడింది. రాత్రంతా నలిగి తెల్లారి కొండెక్కే మనిషి పాట, రాజకీయం ఒక్క ముక్క లేదు. జనం దాన్ని వీధుల్లో పాడడం మొదలెట్టారు, 1975లో నిషేధించారు. 1987 జూన్‌లో ప్రజాస్వామ్యం కోసం జనం రోడ్ల మీదికొచ్చినప్పుడు నిషేధంలో ఉన్న ఆ పాటే అందరి నోటా. 2016 నవంబర్‌లో కొవ్వొత్తుల సభలో యాంగ్ హీఉన్ వేదికెక్కి మళ్లీ పాడింది.

కిమ్ మింగీ తర్వాత పేరు కోసం చూడలేదు. సియోల్‌లో 'హక్‌చోన్' అనే చిన్న థియేటర్ పెట్టుకుని కొత్తవాళ్లకు చోటిచ్చాడు. కిమ్ గ్వాంగ్‌సొక్ వెయ్యో కచేరీ చేసింది ఆ హాల్లోనే. 2024 మార్చిలో థియేటర్ మూతపడింది, జూలైలో ఆయన పోయారు. ఆ డిసెంబర్‌ను చూడలేదు.

సెన్సార్ సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 1995లో సొ టేజీ 'ఈ కాలం మీద విచారం' అనే పాట రాస్తే, కమిటీ మాటలు మార్చమంది. ఆయన మార్చలేదు, మాటలన్నీ తీసేసి ఒట్టి సంగీతంతో ఆల్బమ్‌లో పెట్టాడు. అంతకుముందు నుంచే జోంగ్ తేచున్ అనే జానపద గాయకుడు సెన్సార్‌కు పంపకుండా ఆల్బమ్‌లు విడుదల చేసి పోరాడుతున్నాడు. 1996లో ఆ ముందస్తు సెన్సార్ పోయింది, పాట మాటలతో సహా బయటికొచ్చింది. 2024 జనవరిలో ఎస్పా అమ్మాయిలు అదే పాటను మళ్లీ పాడారు.

ప్రశ్న: వారానికో కమ్‌బ్యాక్ (కొత్త పాటలతో మళ్లీ రావడం), రోజుకో వీడియో. స్ట్రీమింగ్ లెక్కలు, ఓటింగ్ వల్ల రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదు. చేయకపోతే నిజమైన ఫ్యాన్ కాదంటారేమోనని టెన్షన్. (పదో తరగతి విద్యార్థిని)

నిద్రపో అమ్మా. 'చెర్రీ బ్లాసమ్ ఎండింగ్' అని 2012లో బస్కర్ బస్కర్ పాడిన పాట ఒకటుంది. ఏళ్ల తరబడి ప్రతి వసంతంలో పూలు పూయగానే మళ్లీ చార్టుల్లోకి ఎక్కేది, దానికి చెర్రీ పూల పెన్షన్ అని పేరు పెట్టారు అక్కడివాళ్లు. దానికోసం ఎవరూ రాత్రుళ్లు మేలుకోలేదు. ఓటింగ్ యాప్ ఒక నెల తీసేయి, పాటలు వినడం మానకు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఎప్పుడూ చెవుల్లో హెడ్‌ఫోన్సే. బ్లాక్‌పింక్ గాయని రోజే పాడిన 'ఆపతు' పాట రోజుకు పదిసార్లు వింటుంది. తనతో కూర్చుని నేనూ వినాలనుకుంటున్నాను, కానీ ఏం మాట్లాడాలో తెలియట్లేదు. (ఒక నాన్న)

బ్రూనో మార్స్‌తో కలిసి 2024లో పాడిన పాట కదా. అపార్ట్‌మెంట్ అనే మాటను కొరియావాళ్లు 'ఆపతు' అంటారు, ఆ పేరుతో వాళ్లు ఆడుకునే ఒక ఆట నుంచి పుట్టింది. మీ అమ్మాయికి ఇదంతా తెలిసే ఉంటుంది, ముందు తననే చెప్పనివ్వండి.

తర్వాత మీరు 1982 నాటి 'ఆపతు' పెట్టండి. యూన్ సూఇల్ అనే ఆయన పాడింది. బేస్‌బాల్ స్టేడియాల్లో ఇప్పటికీ వేలమంది గొంతు కలిపి పాడతారు. రోజే పాట వచ్చాక కొరియాలో కుర్రాళ్లంతా దీన్ని వెతుక్కుని విన్నారు, ఒకటి కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్, ఇంకోటి పాత అపార్ట్‌మెంట్ అని సరదాగా పేర్లు పెట్టుకున్నారు. పాట కాలింగ్ బెల్ మోతతో మొదలవుతుంది. హుషారుగా ఉంటుంది, కాళ్లు ఆగవు. వంతెన దాటి, గాలికి ఊగే రెల్లుగడ్డి పక్క నుంచి ఒకడు ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌కు నడిచి వస్తాడు. తలుపు దగ్గర ఎవరూ ఉండరు, ఆమె ఎప్పుడో వెళ్లిపోయింది.

అంత హుషారైన పాటలో ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందని మీ అమ్మాయిని అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి.